జీవికంటే ముందే పరిసరం ఉందా? అనుకూలన వాదానికి ఒక ఖండన

జీవి వేరు, పరిసరం వేరు అన్న భావన ఆధునిక జీవశాస్త్రంలో ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, అది కూడా ఒక సిద్ధాంతమేనని గుర్తించేవారు అరుదు. ఈ భావన ప్రకారం పరిసరం ఏ జీవితోనూ నిమిత్తం లేకుండా ముందే సిద్ధమై ఉంటుంది. ఉష్ణోగ్రత, తేమ, వెలుతురు, ఆహారం, శత్రువులు అన్నీ కలిస్తే అది పూర్తవుతుంది. జీవి తర్వాత వచ్చి అందులో పడుతుంది. పరిసరం సమస్యలు పెడుతుంది, జీవి వాటికి తగినట్టు మారుతుంది, మారలేనిది నశిస్తుంది. ఈ మార్పుకే అనుకూలనం అని పేరు. బడి పుస్తకంలో ఒంటెను వర్ణించే పాఠం మొదలు పరిశోధనా పత్రాల దాకా ఇదే చిత్రం కనిపిస్తుంది. ప్రవర్తనను వివరించే చోట ఇదే చిత్రం ఉద్దీపన, ప్రతిస్పందనల గొలుసుగా, అంటే బయటినుంచి వచ్చిన తాకిడికి లోపలినుంచి వచ్చే కదలికగా, రూపం మార్చుకుంటుంది. మెదడు గురించి మాట్లాడే చోట పుర్రె లోపల తయారయ్యే ప్రతిబింబంగా మారుతుంది. మూడింటికీ పునాది ఒకటే కనుక ఖండించవలసింది కూడా ఆ పునాదినే. ఒక జీవికి పరిసరంగా ఉండేదేమిటో ఆ జీవి బతికే తీరును చూడకుండా చెప్పడం సాధ్యం కాదనీ, రెంటినీ ముందు విడదీసి తర్వాత కలపబోయే ప్రతి సిద్ధాంతమూ తాను వివరించవలసినదాన్ని మొదట్లోనే పోగొట్టుకుంటుందనీ ఇరవయ్యో శతాబ్దపు ఫినామినాలజీ అనే తత్వధార చూపింది. దాని మాటను జీవశాస్త్రం ఒక తాత్విక అలంకారంగా పక్కన పెట్టడానికి వీల్లేదు, ఎందుకంటే సాక్ష్యాలన్నీ జీవశాస్త్రం సొంత ప్రయోగశాలల్లోనే ఉన్నాయి.

ఈ విభజన ప్రకృతిని పరిశీలించగా తేలినది కాదు, భౌతికశాస్త్రం నుంచి అరువు తెచ్చుకున్నది. ఫ్రెంచి తత్వవేత్త జార్జ్ కాంగిలెం 1946–47లో పారిస్‌లో ఇచ్చిన, 1952లో పుస్తకంలో చేరిన ఒక ప్రసంగంలో ఈ అరువు చరిత్రను విప్పి చెప్పాడు. న్యూటన్ అనుయాయుల యంత్రశాస్త్రంలో రెండు వస్తువుల మధ్య ఉండి ఒకదాని బలాన్ని మరొకదానికి చేరవేసే ద్రవాన్ని మాధ్యమం అనేవారు. లామార్క్ ఆ మాటను గాలి, నీరు, వెలుతురు వంటి వాటికి వాడాడు. 1838లో ఒగస్ట్ కోమ్ట్ దాన్ని ఏకవచనంలోకి తెచ్చి, ఒక జీవి మనుగడకు అవసరమైన బాహ్య పరిస్థితుల మొత్తం అని సాధారణీకరించాడు. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. యంత్రశాస్త్రంలోని మాధ్యమానికి కేంద్రం ఉండదు, అందులో ప్రతి బిందువూ మరో బిందువుతో సమానమే. జీవి ఉన్నచోట మాత్రం దగ్గర, దూరం, తినదగినది, తప్పుకోదగినది అనే తేడాలు పుడతాయి. కేంద్రం లేని మాధ్యమం నుంచి కేంద్రం ఉన్న పరిసరాన్ని రాబట్టడం ఎలాగన్న ప్రశ్నకు అరువు తెచ్చినవారు జవాబు చెప్పలేదు, చెప్పవలసిన అవసరం ఉందని కూడా అనుకోలేదు.

ఆ అరువును చివరంటా నిజాయితీగా వాడుకున్నవాడు జీవశాస్త్రవేత్త జాక్ లోబ్ (1859–1924). జీవుల కదలికలన్నీ వెలుతురు, గురుత్వం, రసాయనాలు బలవంతంగా లాగే అనువర్తనాలేనని ఆయన వాదించాడు, 1912లో వెలువడిన తన గ్రంథంలో ఒక గొంగళిపురుగును ప్రధాన సాక్షిగా నిలబెట్టాడు. చలికాలమంతా గూటిలో గడిపిన ఈ పురుగులు వసంతపు వెచ్చదనానికి బయటికొచ్చి, వెలుతురు వైపుగా కొమ్మ చివరికి పాకుతాయి. అక్కడ లేత చిగుళ్లు దొరుకుతాయి. చిగుళ్ల కోసమే అవి పైకి పోతున్నాయనుకోవడం భ్రమ అని నిరూపించడానికి లోబ్ వాటిని గాజు గొట్టంలో పెట్టి, వెలుతురు ఒక కొసన, ఆహారం మరో కొసన ఉండేలా ఏర్పాటు చేశాడు. పురుగులు వెలుతురు కొసన గుమికూడి, ఆహారం అదే గొట్టంలో ఉన్నా ఆకలితో మాడిపోయాయి. యాంత్రిక వాదానికి ఇంతకంటే గట్టి రుజువు ఉండదని చాలాకాలం అనుకున్నారు. అయితే అదే గ్రంథంలో లోబ్ నమోదు చేసిన రెండో సంగతి ఈ రుజువును తలకిందులు చేస్తుంది. ఒకసారి కడుపు నిండిన పురుగును వెలుతురు లాగదు. అది అటూ ఇటూ, కిందికీ తిరుగుతుంది. ఈ కడుపు నిండాక వచ్చే మార్పే లేకపోతే, కొమ్మ కొసన చిగుళ్లన్నీ తినేశాక పురుగు కిందికి రాలేక అక్కడే చచ్చేది.

తిన్న తిండి శరీరంలోని రసాయనాలను మారుస్తుంది, ఆ మార్పే వెలుతురుకు స్పందించే గుణాన్ని ఆపుతుంది అని లోబ్ పక్షం సమాధానం చెబుతుంది. ఇది నిజమే, ఎవరూ కాదనరు. కానీ ఈ సమాధానం ఒప్పుకున్నదెంతో చూడాలి. ఉద్దీపన బయటిది, ప్రతిస్పందన లోపలిది అన్న లెక్కలో మొదటి అంకె భౌతికశాస్త్రం కొలిచి ఇవ్వవలసినది. ఇక్కడ వెలుతురు తీవ్రత, దిశ, తరంగదైర్ఘ్యం ఏవీ మారలేదు, మారినదల్లా పురుగు తిన్నదా లేదా అన్నదే. కనుక ఆ వెలుతురు ఉద్దీపన అవుతుందా కాదా అన్నది పురుగును చూసి నిర్ణయించవలసి వచ్చింది. కారణాల గొలుసులో మొట్టమొదటి లంకెలోనే జీవి ఉంది. గొలుసు చివర మాత్రమే జీవిని కట్టిన సిద్ధాంతం తన సొంత ప్రయోగంలోనే తెగిపోయింది.

యంత్రాలు కూడా తమ లోపలి స్థితినిబట్టి స్పందిస్తాయి కదా అన్నది మరింత పదునైన ఆక్షేపణ. రిఫ్రిజిరేటర్‌లోని ఉష్ణోగ్రతా నియంత్రకం లోపల ఎంత చల్లబడిందో చూసుకొనే ఆగుతుంది, సాగుతుంది. దానికీ ఒక పరిసరం ఉందనాలా? హుసెర్ల్, హైడెగర్‌ల శిష్యుడైన హాన్స్ జోనస్ 1966లో దీనికి జీవక్రియను ఆధారం చేసుకొని జవాబిచ్చాడు. నియంత్రకాన్ని ఆపేస్తే అది అలాగే ఉంటుంది, రేపు మళ్లీ పనిచేస్తుంది. జీవి తన శరీర పదార్థాన్ని ఎడతెగకుండా బయటికి వదులుతూ, బయటి పదార్థాన్ని తనదిగా మలచుకుంటూ ఉన్నంతసేపే జీవిగా ఉంటుంది. ఆ మార్పిడి ఆగితే మిగిలేది ఆగిపోయిన జీవి కాదు, శవం. నియంత్రకం సరిగా పనిచేయకపోతే నష్టపోయేది దాని యజమాని. పురుగుకు తిండి దొరకకపోతే నష్టపోయేది పురుగే. తనకంటూ నష్టం, లాభం ఉన్నచోటనే వెలుతురు ఒకదానికి దారి కాగలదు. జోనస్ గ్రంథంలో కొంత భాగం దైవశాస్త్రం వైపు జారిపోయిన మాట నిజమే అయినా ఈ ఒక్క వాదం ఆ జారుడుతో సంబంధం లేకుండా నిలుస్తుంది.

ఇక్కడ ఫినామినాలజీ అంటే ఏమిటో, దానికి గొంగళిపురుగులతో పని ఏమిటో చెప్పుకోవాలి. ఎడ్మండ్ హుసెర్ల్ (1859–1938) ప్రారంభించిన ఈ తత్వధార, వస్తువుల గురించి ఏ సిద్ధాంతాన్నీ ముందుగా ఒప్పుకోకుండా, అవి అనుభవంలో ఏ రీతిగా వ్యక్తమవుతాయో వర్ణించి విశ్లేషించాలంటుంది. చైతన్యం ఒక పెట్టె కాదు, అది ఎప్పుడూ దేన్నో ఒకదాన్ని ఉద్దేశించి ఉంటుంది అన్నది దాని మొదటి నిర్ణయం. ఈ గుణాన్ని విషయోన్ముఖత అనవచ్చు. ఐరోపా విజ్ఞానశాస్త్రాల సంక్షోభంపై 1936లో వెలువడిన తన రచనలో హుసెర్ల్ మరో అడుగు వేసి, కొలతలకు లొంగే ప్రకృతి అన్న భావన కూడా మనుషులు నడిచే, చూసే, పని చేసే జీవన ప్రపంచం నుంచే అమూర్తంగా తీసినదని, తీసిన తర్వాత శాస్త్రం ఆ మూలాన్ని మరిచిపోయి తీసినదాన్నే అసలు వాస్తవంగా నిలబెట్టిందని వాదించాడు. ఇదంతా మనిషి చైతన్యానికే చెల్లుతుందని అనేవారున్నారు. మోరిస్ మెర్లో-పోంటీ (1908–1961) చేసిన పని ఈ ఆక్షేపణకు కాలు నిలవకుండా చేసింది. విషయోన్ముఖత తలపుల్లో మొదలు కాదని, కదిలే శరీరంలోనే ఉందని ఆయన 1942లో ప్రవర్తన నిర్మాణం మీద, 1945లో ప్రత్యక్షం మీద రాసిన రెండు గ్రంథాల్లో చూపాడు; శరీరం మనిషికి మాత్రమే ఉన్నది కాదు.

ఆయన ఆధారపడిన సాక్ష్యాల్లో ఎక్కువ భాగం వైద్యుడు కుర్ట్ గోల్డ్‌స్టైన్‌వి. మొదటి ప్రపంచ యుద్ధంలో మెదడుకు గాయాలైన సైనికులకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో చికిత్స చేసిన గోల్డ్‌స్టైన్, తన అనుభవాన్ని 1934 నాటి గ్రంథంలో క్రోడీకరించాడు. ష్నైడర్ అనే పేరుతో తత్వశాస్త్రంలో ప్రసిద్ధుడైన రోగి కళ్లు మూసుకొని ఉండగా దోమ కుడితే చెయ్యి నేరుగా ఆ చోటికే పోయేది. వైద్యుడు శరీరంలో ఫలానా చోటు చూపించు అని ఆజ్ఞాపిస్తే మాత్రం ఒళ్లంతా కదిల్చి వెతుక్కోవలసి వచ్చేది. కొలబద్దకు రెండూ ఒకే బిందువు. ఆ మనిషికి ఒకటి గోక్కోవలసిన చోటు, మరొకటి నిర్ణయించవలసిన స్థానం. గాయం రెండోదాన్ని చెరిపి మొదటిదాన్ని మిగిల్చింది. చర్మం మీది ఒక బిందువు నుంచి ఒక కండరానికి పోయే తీగగా ప్రవర్తనను ఊహించిన వాదం ఈ తేడాను వర్ణించడానికి కూడా మాటలు లేక ఆగిపోతుంది. మెర్లో-పోంటీ పేడపురుగు ఉదాహరణ కూడా ఇటువంటిదే. దాని కాలి కొసలు తెగిపోతే మిగిలిన భాగాలతో వెంటనే నడక సాగిస్తుంది, అంతకుముందు ఎన్నడూ వాడని క్రమంలో కాళ్లు కదుపుతుంది. తెగకుండా కట్టేసి ఉంచిన కాలు విషయంలో పురుగులు ఈ బదిలీ చేయవు, ఎందుకంటే కట్టిన కాలు ఇంకా లెక్కలో ఉంది. ముందే అమర్చిపెట్టిన ప్రత్యామ్నాయ యంత్రాంగం దీనికి కారణమైతే, కట్టినప్పుడు కూడా అది పనిచేయాలి. నడవవలసిన నేల, చేరవలసిన చోటు పురుగు శరీరం మొత్తాన్ని ఒక పనిగా కూర్చుతున్నాయని అనక తప్పదు.

ఈ మాట తత్వవేత్తలకే పరిమితం కాలేదు. శ్వాసక్రియ పరిశోధనలో అగ్రగణ్యుడైన జాన్ స్కాట్ హాల్డేన్ 1905లో తన సహపరిశోధకుడు ప్రీస్ట్లీతో కలిసి, ఊపిరితిత్తుల గాలిగదుల్లో కార్బన్ డయాక్సైడ్ పీడనం దాదాపు స్థిరంగా ఉండేలా శ్వాస తనను తాను సరిచేసుకుంటుందని చూపాడు. 1911లో సహచరులతో కలిసి అమెరికాలోని కొలరాడోలో సుమారు 4,300 మీటర్ల ఎత్తున్న పైక్స్ పీక్ శిఖరం మీద వారాల తరబడి ఉండి, పైకి వచ్చిన మొదటి రోజుల్లో తలనొప్పి, వికారం కలిగించిన గాలే కొద్దిరోజుల్లో మామూలు గాలి కావడాన్ని అంచెలంచెలుగా కొలిచాడు. యేల్ విశ్వవిద్యాలయంలో 1916లో ఇచ్చిన ప్రసంగాలను మరుసటి ఏడాది పుస్తకంగా తెచ్చినప్పుడు ఆయన దానికి జీవి, పరిసరం అనే పేరే పెట్టి, ఈ రెంటి మధ్య గీత గీసి ఒకవైపు నుంచి మరోవైపుకు కారణాలు లెక్కించే పద్ధతి శ్వాస విషయంలోనే విఫలమైందని వాదించాడు. గాలిగదిలోని గాలి జీవి లోపలిదా, బయటిదా? రక్తంలోని లవణాలు కణానికి పరిసరమా, శరీరానికి భాగమా? జవాబు అడిగిన పనినిబట్టి మారుతుంది.

అనుకూలన వాదం మాత్రం ఈ ప్రశ్నల్ని దాటేసి, పరిణామం అనే విశాల ప్రాంగణంలో తలదాచుకుంటుంది. తాళానికి తగిన తాళంచెవి ఎంపికైనట్టు, పరిసరానికి తగిన జీవి ప్రకృతివరణంలో ఎంపికవుతుందన్నది దాని ఊహ. జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1980లలో ఈ ఊహను జీవశాస్త్రం లోపలినుంచే దెబ్బతీశాడు. చెట్టు బెరడు వడ్రంగిపిట్టకు పరిసరం, చెట్టు మొదట్లో పడి ఉన్న రాళ్లు కావు. ఆ రాళ్ల మీద నత్తల గుల్లలు పగలగొట్టుకొనే మరో పిట్టకు అవే పరిసరం. ఒకే తోటలో ఎన్ని పరిసరాలున్నాయో తోటను ఎంత జాగ్రత్తగా కొలిచినా తెలియదు, పిట్టలు ఏం చేస్తున్నాయో చూస్తేనే తెలుస్తుంది. అందరికీ ఒకేలా ఉండేవి కనీసం గురుత్వం వంటి భౌతిక నియమాలైనా ఉన్నాయి కదా అంటే, అదీ నిలవదు. నీటిలో తేలే బ్యాక్టీరియాకు గురుత్వం లెక్కలోకి రాదు, దాన్ని క్షణక్షణం కుదిపేది నీటి అణువుల తాకిడి. జాన్ స్కాట్ కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్ 1926లో జంతువుల పరిమాణం మీద రాసిన వ్యాసంలో ఈ సంగతినే తన సహజమైన కొంటెతనంతో చెప్పాడు: లోతైన గని గొయ్యిలో పడిన చిట్టెలుక ఒళ్లు దులుపుకొని పోతుంది, మనిషి చస్తాడు, పురుగుకు పడిపోవడం ప్రమాదం కాదు, తడవడమే ప్రమాదం, ఎందుకంటే దాని ఒంటికి అంటిన నీటి పొర బరువు దాని సొంత బరువును మించిపోతుంది. నియమాలు విశ్వమంతటా ఒక్కటే. వాటిలో ఏది ఎవరికి ప్రాణసంకటమన్నది శరీరం నిర్ణయిస్తుంది.

జె.బి.ఎస్. 1957లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వచ్చి చేరాక, పిఠాపురంలో పుట్టిన కృష్ణా ద్రోణంరాజు ఆయన దగ్గర పరిశోధకుడిగా చేరి, లాంటానా పొదల మీద వాలే సీతాకోకచిలుకల్ని గమనించాడు. కొన్ని జాతులు గులాబీరంగు పూలకు, కొన్ని నారింజరంగు పూలకు పదేపదే పోతున్నాయని ఆయన 1960లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించాడు. ఇటువంటి ఎంపిక కొనసాగితే ఒకే చోట పెరిగే మొక్కల్లోనే పుప్పొడి రంగులవారీగా పంచుకుపోయి, కొత్త జాతులకు దారితీయవచ్చని సూచించాడు. ఈ చిన్న పరిశీలనలో అనుకూలన వాదపు చిత్రం పూర్తిగా తిరగబడుతుంది. సీతాకోకచిలుకకు పువ్వు పరిసరం, పువ్వుకు సీతాకోకచిలుక చూపు పరిసరం. ముందే ఉన్న తాళం ఏదో, తర్వాత వచ్చిన తాళంచెవి ఏదో చెప్పడానికి చోటే లేదు.

ఈ వాదాన్ని డార్విన్‌కు వ్యతిరేకంగా చూడనక్కర్లేదు. ఆయన చివరి పుస్తకం 1881లో వానపాముల మీద వచ్చింది. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరానికి ఏటా 10 టన్నులకు పైగా పొడిమన్ను వాటి శరీరాల గుండా పోతుందని అందులో లెక్కకట్టాడు. వానపాము విసర్జక వ్యవస్థ మంచినీటి ప్రాణుల దానిలా పలచని మూత్రాన్ని ధారాళంగా వదిలేది. లెక్కప్రకారం అది నేల మీద ఎండి చావాలి. అది తన శరీరాన్ని నేలకు తగ్గట్టు మార్చుకున్న దానికంటే, సొరంగాలు తవ్వి, జిగురు పూసి, ఆకుల్ని లోపలికి లాక్కొని నేలనే తన శరీరానికి తగ్గట్టు, నీరు అందేలా మార్చుకుంది. సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రితం సయనోబాక్టీరియా వదిలిన ఆక్సిజన్ గాలిలో పేరుకొని భూమి మొత్తం రసాయనాన్ని మార్చిన ఘటన ముందు ఇది చిన్నదే. ఈ ధోరణిని ఆవాస నిర్మాణం అనే పేరుతో ఓడ్లింగ్-స్మీ, లేలాండ్, ఫెల్డ్‌మన్ 2003లో సిద్ధాంతీకరించారు. ఇది ప్రకృతివరణంలోనే ఒక అదనపు అధ్యాయమని సంప్రదాయవాదులు సర్దిచెబుతున్నారు. అధ్యాయం చేరిస్తే చాలదు, ఎందుకంటే వరించేది, వరింపబడేది అన్న రెండు పాత్రలు ముందే పంచి పెట్టి ఉన్నాయన్న మొదటి పేజీనే అది కొట్టివేస్తోంది.

దీనికి ఎదురుగా నిజమైన బలం ఉన్న ఆక్షేపణ ఒకటే. 6.6 కోట్ల సంవత్సరాల క్రితం భూమిని ఢీకొన్న గ్రహశకలం డైనోసార్ల అర్థాల ప్రపంచంలో భాగం కాదు, అయినా వాటిని తుడిచిపెట్టింది. దీన్ని దాచకుండా ఒప్పుకోవాలి: జీవికి ఏమీ కాని వస్తువు జీవిని చంపగలదు. పైనుంచి రాయి పడితే పురుగు నలిగేది ఏ మట్టిగడ్డయినా నలిగే పద్ధతిలోనే. అక్కడ జీవి జీవిగా లేదు, ద్రవ్యరాశిగా మాత్రమే ఉంది. జీవుల చుట్టూ భౌతిక ప్రపంచం ఉందన్నది ఫినామినాలజీ కాదనవలసిన అవసరమే లేదు. ఆ చుట్టూ ఉన్నదాన్నే పరిసరంగా లెక్కించి, జీవితాన్నంతా నలిగిపోవడపు నమూనాలో వివరించబోవడమే దానికి అభ్యంతరం.

అనుకూలన వాదాన్ని వదిలినవారు చాలామంది నేరుగా ఎదుటి గోతిలో పడతారు. ఆ గోతికి యాకోబ్ ఫాన్ ఉక్స్‌క్యుల్ (1864–1944) పేరు పెట్టడం రివాజు. హాంబర్గ్‌లో 1926లో పరిసర పరిశోధనా సంస్థను నెలకొల్పిన ఈ జీవశాస్త్రవేత్త, ప్రతి జంతువుకూ దాని ఇంద్రియాలూ అవయవాలూ కలిసి ఏర్పరచే అర్థవంతమైన సొంత పరిసరం ఉంటుందని, దాన్ని ‘ఉమ్‌వెల్ట్’ అనాలని ప్రతిపాదించాడు. 1934 నాటి ఆయన పుస్తకంలోని పిడుదు ఇప్పుడు ప్రతి వ్యాసంలోనూ కనిపిస్తుంది. కొమ్మ మీద వేచి ఉన్న పిడుదుకు, కింద పోయే జంతువు చర్మం నుంచి వచ్చే బ్యుటిరిక్ ఆమ్లం వాసన తగిలితే జారిపడుతుంది, వెంట్రుకలు తగిలితే పాకుతుంది, వెచ్చదనం తగిలితే కుడుతుంది. అడవిలోని మిగతా సమస్తమూ దానికి లేనట్టే. రోస్టాక్‌లోని సంస్థలో తిండి లేకుండా 18 ఏళ్లు బతికి ఉన్న పిడుదుల్ని ఉంచారన్న సంగతి కూడా అందులోనే ఉంది. దీన్నిబట్టి ప్రతి జీవీ తన బుడగలో తాను బందీ అని, పరిసరమంటే మనసు అల్లుకున్న సొంత చిత్రమని తేల్చేవారి సంఖ్య తక్కువ కాదు.

బుడగ అన్న మాట ఉక్స్‌క్యుల్ తానే వాడాడు, ఆ తప్పు ఆయనదే. ఒక్కో ఉమ్‌వెల్ట్‌ను మూసివేసి, అవన్నీ పొసగడానికి ప్రకృతిలో ఒక సంగీత పథకం ఉందని చెప్పి, డార్విన్‌ను తోసిపుచ్చడం ఆయన ఆలోచనలో బలహీనమైన భాగం. మూసిన బుడగలైతే గబ్బిలం, చిమ్మెట కథ జరిగేదే కాదు. గబ్బిలం తన కేకల ప్రతిధ్వనులతో చీకట్లో వేటాడుతుంది. చాలా జాతుల చిమ్మెటలకు ఆ అతిధ్వనుల్నే వినే చెవులున్నాయని, వినగానే అవి వంకరటింకరగా ఎగిరి తప్పుకుంటాయని కెనెత్ రోడర్ పరిశోధనలు చూపాయి. కొన్ని చిమ్మెటలు తిరిగి టిక్కుటిక్కుమని శబ్దాలు చేసి గబ్బిలపు ప్రతిధ్వనుల్ని చెడగొడతాయి. ఒకరి గ్రహణమే మరొకరి ప్రమాదం అయినచోట, ఒకరి మోసం మరొకరి గ్రహణంలోకి చొరబడినచోట గోడలెక్కడివి? పైగా బుడగ వాదం తాను ఖండించాననుకొనే వాదపు పునాదినే వాడుకుంటోంది. లోపల, బయట అన్న గీతను అది చెరపలేదు. పరిసరాన్ని గీతకు అటువైపు నుంచి ఇటువైపుకు జరిపింది, అంతే.

మెదడు ప్రపంచాన్ని లోపల కల్పిస్తుంది, ప్రత్యక్షం ఒక అదుపులో ఉన్న భ్రాంతి అని ఈ మధ్య ప్రచారంలోకి వచ్చిన మాటకూ ఇదే జవాబు. రిచర్డ్ హెల్డ్, అలాన్ హైన్ 1963లో రెండు పిల్లికూనల్ని ఒకే తిరుగుడు కర్రకు తగిలించారు. ఒకటి నడుస్తూ తిప్పేది, రెండోది బుట్టలో కూర్చొని తిరిగేది. కళ్లకు అందిన దృశ్యాలు దాదాపు సమానం. నడిచిన కూన మామూలుగా చూడటం నేర్చింది. మోయించుకున్న కూనకు చూపును అనుసరించి కాలు పెట్టడం, లోతును గుర్తించి వెనక్కి తగ్గడం రాలేదు. చూపు మెదడు గదిలో తయారయ్యేదైతే సరుకు ఇద్దరికీ సమానంగానే చేరింది కదా.

ఫినామినాలజీ కూడా తన సొంత ఇంట్లో ఒక లెక్క సరిచేసుకోవాలి. హైడెగర్ 1929–30 శీతాకాలంలో ఫ్రైబర్గ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో రాయికి ప్రపంచం లేదని, జంతువు ప్రపంచం విషయంలో పేదదని, మనిషి ప్రపంచాన్ని రూపొందించేవాడని మూడు మెట్లు కట్టాడు. జంతువు తన ప్రేరణల వలయంలో మైమరచి ఉంటుందని, దేన్నీ అది ఉన్నదిగా గుర్తించదని చెప్పడానికి ఆయన ఎంచుకున్న ఆధారం ఒక తేనెటీగ ప్రయోగం: తేనె పీలుస్తున్న ఈగ పొట్టను కోసివేసినా, అది వెనకనుంచి కారిపోతున్న తేనెను గమనించక పీలుస్తూనే ఉంటుంది. లోబ్‌ను విమర్శించిన తత్వధార నుంచి ఈ ఆధారం రావడం విచిత్రం. గాయపరచి, విడదీసి, ఒక్క పనికే కట్టిపెట్టిన జీవిలో కనిపించే ప్రతీకార చర్యను ఆరోగ్యవంతమైన ప్రవర్తనకు మూలంగా తీసుకోరాదని గోల్డ్‌స్టైన్ నెత్తీ నోరూ బాదుకొని చెప్పింది ఇటువంటి ప్రయోగాల గురించే. కడుపు నిండిందన్న సంగతి శరీరానికి తెలిసే భాగాన్నే తీసేసి, ఈగకు తెలియలేదని తీర్పు చెప్పడం కొలబద్దను విరిచి పొడవు తెలియలేదనడమే. పొట్ట ఉన్న తేనెటీగ ఏం చేస్తుందో కార్ల్ ఫాన్ ఫ్రిష్, ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్ తర్వాతి దశాబ్దాల్లో చూపారు. తేనెపట్టు వేడెక్కినప్పుడు నీళ్లు తెచ్చిన ఈగ దగ్గర పట్టులోని ఈగలు ఆత్రంగా నీరు అందుకుంటాయి, ఆ ఆత్రాన్నిబట్టి అది మళ్లీ నీటికి పోతుంది. పట్టు చల్లబడితే ఎవరూ పట్టించుకోరు, అది తగ్గిపోతుంది. బయటి చెరువులో నీరు ఒకటే, దాని విలువ గంటగంటకూ పట్టులో నిర్ణయమవుతోంది. ఇది పేదరికమైతే సంపద అంటే ఏమిటో హైడెగర్ చెప్పవలసి ఉంది. మనిషికి భాష, చరిత్ర ఉన్నందువల్ల తేడా ఉందన్నది సరే. ఆ తేడాను నిలబెట్టడానికి మిగతా జీవుల్ని ఒకే మెట్టు మీద కుక్కడం లోబ్ పనినే మరో భాషలో చేయడం. మెర్లో-పోంటీ 1950ల చివర కాలేజ్ ద ఫ్రాన్స్‌లో ప్రకృతి మీద ఉపన్యసిస్తూ, ఉక్స్‌క్యుల్‌ను చదివి, జంతువు, మనిషి సంబంధాన్ని ఎక్కువ తక్కువల మెట్లుగా కాకుండా ఒకదానిపక్క ఒకటిగా చూడటానికి చేసిన ప్రయత్నం 1961లో ఆయన మరణంతో ఆగిపోయింది.

ఈ వివాదం పుస్తకాల్లోనే తేలేది కాదు. స్విట్జర్లండులో వరుసగా బెర్న్, బాసెల్, జూరిక్ జంతుప్రదర్శనశాలలు నడిపిన హైనీ హెడిగర్, ఉక్స్‌క్యుల్ భావనల్ని బోనుల్లోకి తీసుకెళ్లి 1942లో బందీ వన్యమృగాల మీద పుస్తకం రాశాడు. అడవిలోని జంతువు హద్దుల్లేకుండా తిరిగే స్వేచ్ఛాజీవి కాదని, పడుకొనే చోటు, నీళ్లు తాగే చోటు, గుర్తులు పెట్టే చోటు, వాటిని కలిపే దారులు ఉన్న పరిధిలో కాలబద్ధంగా తిరుగుతుందని, మనిషి ఎంత దగ్గరికి వస్తే పారిపోవాలో దానికొక నిర్దిష్ట దూరం ఉంటుందని ఆయన నమోదు చేశాడు. ఆ దూరం కంటే చిన్నదైన బోనులో జంతువు ఎప్పుడూ పారిపోతూనే ఉంటుంది, కదలకపోయినా సరే. అవసరమైన చోట్లన్నీ అమర్చిన చిన్న ఆవరణ ఏమీ లేని పెద్ద ఆవరణ కంటే మేలైనది కావచ్చు. ఒక ఆవరణ చాలునా చాలదా అన్నది దాని వైశాల్యం చెప్పదు, అందులోని జంతువు దేన్ని వాడుకుంటోందో, దేన్ని తప్పించుకుంటోందో చెబుతుంది. ప్రయోగశాల జంతువుల సంరక్షణ నిబంధనలు మాత్రం ఒక్కో ఎలుకకు ఇన్ని చదరపు సెంటీమీటర్ల నేల అన్న పట్టికను ఈనాటికీ ముందు పెట్టుకుంటున్నాయి.